హీట్ పంప్ వేడికి మారకపోతే: ఇంట్లోనే వరుసగా చేసుకోదగిన పరీక్షలు

దీపావళి వెళ్ళి రాత్రిళ్ళు చలి పట్టడం మొదలుకాగానే నార్త్ కరోలినా, జార్జియా, టెనెసీ, వర్జీనియా వైపు ఉన్న తెలుగువారి ఇళ్ళ నుంచి ప్రతి ఏడూ ఒకే ప్రశ్న వస్తుంది: "థెర్మోస్టాట్‌లో హీట్ పెట్టాం, గాలి కూడా వస్తోంది, కానీ ఆ గాలి చల్లగా ఉంది. ఏం చేయాలి?" అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో గ్యాస్ ఫర్నేస్‌కు బదులు హీట్ పంప్ ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న అక్కడివారికే ఎక్కువగా ఎదురవుతుంది. విడివిడిగా ప్రతి ఒక్కరికీ చెప్పే బదులు, పరీక్షలన్నీ చేయవలసిన వరుసలో ఇక్కడ రాస్తున్నాను.

"గాలి చల్లగా ఉంది" అనే ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు పరిస్థితులు ఉంటాయి. యంత్రం సరిగానే వేడి చేస్తున్నా మీకు చల్లగా అనిపిస్తూ ఉండవచ్చు. బయటి యూనిట్ అసలు నడవకుండా లోపలి ఫ్యాను మాత్రమే తిరుగుతూ ఉండవచ్చు. లేదా బయటి యూనిట్ నడుస్తూనే, వేడికి మారకుండా కూలింగ్‌లోనే ఉండిపోయి ఉండవచ్చు. ఈ మూడింటికీ మందు వేరు. మీ ఇంట్లో ఉన్నది వీటిలో ఏదో తేల్చుకోకముందే కొత్త థెర్మోస్టాట్ కొనడం, యంత్రంలోని గ్యాస్ తక్కువైందని ఎవరో అన్న మాట నమ్మి గ్యాస్ పట్టించడం వంటివి డబ్బు దండగ పనులు.

తెలుసుకోవలసిన సిద్ధాంతం చాలా కొద్ది. వేసవిలో ఇంట్లోని వేడిని బయటికి తోసే యంత్రమే చలికాలంలో బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది. యంత్రం పైపుల్లో ప్రవహించే గ్యాస్ (రిఫ్రిజెరెంట్) దిశను మార్చేది బయటి యూనిట్‌లో ఉండే రివర్సింగ్ వాల్వ్. ఆ వాల్వ్‌కు థెర్మోస్టాట్ నుంచి ఒక సన్నని తీగ మీదుగా 24 వోల్టుల ఆజ్ఞ వెళుతుంది. ఇంట్లోకి గాలి తోసే లోపలి యూనిట్‌లో, అంటే ఎయిర్ హ్యాండ్లర్‌లో, సాయంగా విద్యుత్ హీటర్ కడ్డీలు ఉంటాయి, వీటినే థెర్మోస్టాట్ మీద "ఆక్స్" అనీ, "ఎమర్జెన్సీ హీట్" అనీ చూపిస్తారు. ఈ వ్యాసం మొత్తం డక్టుల ద్వారా గాలి పంపే ఇలాంటి మామూలు హీట్ పంప్ గురించే. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీల గురించి చివర కొద్దిగా చెబుతాను.

మొదట ఇంట్లోవారి సంగతి

ఇంట్లో పసిపిల్లలు గానీ, ఇండియా నుంచి వచ్చి ఆ చలికి అలవాటు పడని అమ్మానాన్నలు గానీ ఉంటే పరీక్షలకు ముందు థెర్మోస్టాట్‌ను ఎమర్జెన్సీ హీట్‌కు మార్చండి. అప్పుడు బయటి యూనిట్‌తో పని లేకుండా హీటర్ కడ్డీలే ఇంటిని వేడి చేస్తాయి. కరెంటు ఖర్చు మామూలుగా అయ్యే దానికి రెండు మూడు రెట్లు కావచ్చు గానీ, ఒకటి రెండు రోజులకు అది భరించదగినదే. సీజన్‌లో మొదటిసారి ఆ కడ్డీలు వేడెక్కినప్పుడు పేరుకున్న దుమ్ము కాలిన వాసన కాసేపు వస్తుంది, దానికి కంగారు పడనక్కరలేదు. ప్లాస్టిక్ కాలిన వాసన గానీ, పొగ గానీ వస్తే మాత్రం వెంటనే ఎయిర్ హ్యాండ్లర్ బ్రేకర్ దించేసి, ఆ తరువాత పరీక్షలేవీ చేయకుండా టెక్నీషియన్‌ను పిలవండి. పొగ ఆగకపోతే అందరూ బయటికి వచ్చి 911కు ఫోన్ చేయండి.

వేడి కోసం గ్యాస్ ఓవెన్ తలుపు తెరిచి ఉంచడం, ఇంట్లో బొగ్గుల కుంపటి గానీ బార్బెక్యూ గానీ వెలిగించడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కావలసినవి

వంటింట్లో వాడే డిజిటల్ థర్మామీటర్ ఒకటి తప్పనిసరి. ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ఉపయోగపడే వస్తువు అదే. దానితో పాటు టార్చిలైటు, మీ కొలతకు సరిపోయే కొత్త ఎయిర్ ఫిల్టర్, థెర్మోస్టాట్‌కు కొత్త బ్యాటరీలు, స్టార్ స్క్రూడ్రైవర్, కాస్త ఎలక్ట్రికల్ టేపు, ఫోటోలు తీయడానికి ఫోను ఉంటే చాలు. మల్టీమీటర్ ఉంటే మంచిది, లేకపోయినా చాలా దూరం వెళ్ళవచ్చు.

ఎయిర్ హ్యాండ్లర్, బయటి యూనిట్ రెండింటి మీదా ఉండే మోడల్ నంబరు పట్టీలను ఫోటో తీసి పెట్టుకోండి. థెర్మోస్టాట్ వెనుక తీగలను ముట్టుకునే ముందు కూడా ఏ తీగ ఏ అక్షరం కింద ఉందో స్పష్టంగా కనిపించేలా ఫోటో తీయండి. ఈ ఒక్క ఫోటో లేకపోవడం వల్ల చిన్న సమస్య పెద్దదైన ఇళ్ళు చాలా ఉన్నాయి.

ముట్టుకోకూడనివి

బయటి యూనిట్ లోపలి ప్యానెల్‌ను తెరవవద్దు. అక్కడ 240 వోల్టులు ఉంటాయి. కరెంటు తీసేసిన తరువాత కూడా కెపాసిటర్‌లో ఛార్జి నిలిచి ఉంటుంది. గ్యాస్ పైపులకు గేజీలు తగిలించడం, గ్యాస్ నింపడం అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ సెక్షన్ 608 ధ్రువీకరణ ఉన్నవారు మాత్రమే చేయాలి. థెర్మోస్టాట్ తీగలు 24 వోల్టులవే అయినా, అవి ఒకదానికొకటి తగిలితే కంట్రోల్ బోర్డు మీది ఫ్యూజు పోతుంది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. కాబట్టి వాటిని కదిపే ప్రతిసారీ ముందుగా ఎయిర్ హ్యాండ్లర్ బ్రేకర్ దించండి.

ఇక పరీక్షలు

1. నిజంగా సమస్య ఉందో లేదో కొలవండి.

థెర్మోస్టాట్‌ను హీట్‌లో పెట్టి, గదిలో ఉన్న ఉష్ణోగ్రత కన్నా ఒక డిగ్రీ, మహా అయితే రెండు డిగ్రీలు మాత్రమే ఎక్కువ అడగండి. ఐదారు డిగ్రీలు ఒక్కసారిగా పెంచితే చాలా థెర్మోస్టాట్లు ఆక్స్ కడ్డీలను కూడా వెలిగిస్తాయి, అప్పుడు హీట్ పంప్ పనిచేస్తోందో లేదో మీకు తెలియదు. తెర మీద "ఆక్స్" అని కనిపించకూడదు.

కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్ళీ మొదలుకాదు. దానిని కాపాడడానికి సుమారు 5 నిమిషాల విరామం అందులోనే ఏర్పాటై ఉంటుంది. చాలామంది ఈ ఐదు నిమిషాలు ఆగలేక మోడ్‌లు అటూ ఇటూ మారుస్తూ, ప్రతిసారీ ఆ లెక్కను మళ్ళీ మొదటికి తెస్తారు. యంత్రం మొదలయ్యాక మరో 10, 15 నిమిషాలు నడవనివ్వండి. ఆ తరువాత ఇంట్లోని గాలిని లోపలికి పీల్చే పెద్ద జాలీ దగ్గర ఒకసారి, ఎయిర్ హ్యాండ్లర్‌కు దగ్గరలో గాలి వదిలే రంధ్రం దగ్గర ఒకసారి థర్మామీటర్‌తో కొలవండి.

వచ్చే గాలి, పీల్చే గాలి కన్నా 15 నుంచి 25 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ ఉంటే మీ హీట్ పంప్ బాగానే ఉంది. హీట్ పంప్ గాలి తరచుగా 85 నుంచి 95 డిగ్రీల మధ్యే ఉంటుంది. మన ఒంటి వేడి 98 డిగ్రీలు దాటి ఉంటుంది కాబట్టి చేయి పెడితే అది చల్లగానే తోస్తుంది. గ్యాస్ ఫర్నేస్ ఉన్న అపార్ట్‌మెంట్ నుంచి హీట్ పంప్ ఉన్న ఇంటికి మారినవారికి ఈ అనుమానం మరీ ఎక్కువ. అందుకే చేతిని నమ్మవద్దు, థర్మామీటర్‌ను నమ్మండి. బయట గడ్డకట్టే చలి ఉన్నప్పుడు ఈ తేడా ఇంకా తగ్గడం సహజం.

రెండు కొలతలూ దాదాపు ఒకటే అయితే ఫ్యాను మాత్రమే తిరుగుతోంది, లేదా కంప్రెసర్ నడుస్తున్నా పని జరగడం లేదు. 3వ పరీక్షకు వెళ్ళండి. వచ్చే గాలి పీల్చే గాలి కన్నా చల్లగా, అంటే 10, 15 డిగ్రీలు తక్కువగా ఉంటే యంత్రం కూలింగ్‌లో ఉండిపోయింది. 2వ పరీక్ష చేసి నేరుగా 4కు వెళ్ళండి.

ఒక్క జాగ్రత్త. చలిగా, తేమగా ఉన్న రోజున బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. దానిని కరిగించడానికి యంత్రం తనంతట తానే కొన్ని నిమిషాలపాటు కూలింగ్‌లోకి మారుతుంది. అప్పుడు బయటి ఫ్యాను ఆగిపోతుంది, యూనిట్ నుంచి పొగలాగా ఆవిరి లేస్తుంది, లోపల ఆక్స్ వెలుగుతుంది. దీనిని డీఫ్రాస్ట్ అంటారు, సాధారణంగా 10 నిమిషాల లోపే ముగుస్తుంది. సరిగ్గా ఆ సమయంలో కొలిచి వాల్వ్ పోయిందని నిర్ణయించుకోవద్దు. అరగంట ఆగి మళ్ళీ కొలవండి.

2. థెర్మోస్టాట్ ఏం అడుగుతోందో చూడండి.

మోడ్ "హీట్"లోనే ఉందా, "ఆటో"లో ఉందా చూడండి. ఆటోలో ఉంటే వేడి, చల్లదనాల హద్దుల మధ్య కొన్ని డిగ్రీల ఖాళీ ఉంటుంది, గది ఆ ఖాళీలో ఉన్నంతసేపూ యంత్రం ఏ వైపూ కదలదు. ఫ్యాను "ఆన్"లో ఉంటే దానిని "ఆటో"కు మార్చండి, లేకపోతే వేడి చేయని సమయంలో కూడా ఊరికే చల్లటి గాలి వస్తూనే ఉంటుంది. ఈ ఒక్క మార్పుతోనే ఫిర్యాదు తీరిపోయే ఇళ్ళున్నాయి. బ్యాటరీలు మార్చండి. వేసవిలో పెట్టిన షెడ్యూల్ ఇంకా నడుస్తోందేమో చూడండి.

స్మార్ట్ థెర్మోస్టాట్ అయితే లోపలి సెట్టింగుల్లో మరో రెండు విషయాలు చూడాలి. మొదటిది, పరికరం రకం "హీట్ పంప్" అని ఉండాలి. "కన్వెన్షనల్" అని ఉంటే వేడి అడిగినప్పుడు అది కంప్రెసర్‌ను పిలవదు, హీటర్ కడ్డీల తీగకే ఆజ్ఞ ఇస్తుంది. రెండవది, కంప్రెసర్ లాకౌట్ అనే హద్దు. బయట ఆ ఉష్ణోగ్రత కన్నా తగ్గితే కంప్రెసర్‌ను ఆపేయమని దాని అర్థం. ఎవరైనా దానిని పొరపాటున 50 డిగ్రీలకు పెట్టి ఉంటే చలికాలం మొత్తం కడ్డీలే నడుస్తాయి.

3. బయటి యూనిట్ నడవకపోతే.

బయటికి వెళ్ళి చూడండి. ఫ్యాను తిరగడం లేదు, కంప్రెసర్ మోత లేదు అంటే సమస్య వేడికి మారడంలో లేదు, అసలు మొదలవడంలో ఉంది. కరెంటు ప్యానెల్‌లో హీట్ పంప్‌కు ఒకటి, ఎయిర్ హ్యాండ్లర్‌కు మరొకటి వేర్వేరు బ్రేకర్లు ఉంటాయి. లోపలి ఫ్యాను తిరుగుతోందంటే రెండవది బాగున్నట్టే గానీ మొదటిది పడిపోయి ఉండవచ్చు. పడిపోయిన బ్రేకర్‌ను ముందు పూర్తిగా ఆఫ్ వైపుకు నొక్కి, ఆ తరువాత ఆన్ వైపుకు మార్చండి. ఒక్కసారి మాత్రమే. మళ్ళీ పడితే ఎక్కడో షార్ట్ లాంటి లోపం ఉన్నట్టు, ఇక ముట్టుకోవద్దు. బయటి యూనిట్ పక్కన గోడ మీద ఉండే చిన్న డిస్కనెక్ట్ పెట్టె కూడా చూడండి. వేసవిలో కాయిల్ కడిగినవారు దానిని లాగేసి తిరిగి సరిగా పెట్టకపోవడం అరుదేమీ కాదు.

గంటల తరబడి కరెంటు లేకుండా చలిలో ఉన్న యూనిట్‌ను వెంటనే నడపవద్దు. బ్రేకర్ లేపి, ఎమర్జెన్సీ హీట్ మీద ఇంటిని నడుపుతూ, కంప్రెసర్ అడుగున నూనె వేడెక్కడానికి కొన్ని గంటలు సమయం ఇవ్వండి. ఎన్ని గంటలో మీ యూనిట్ మాన్యువల్‌లో ఉంటుంది.

ఫిల్టర్ తీసి వెలుతురుకు ఎదురుగా పెట్టండి. అవతలి వెలుతురు కనిపించకపోతే మార్చండి. హీటింగ్‌లో గాలి సరిగా ఆడకపోతే పీడనం పెరిగి భద్రతా స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. రోజూ పోపులు, వేపుళ్ళు, అగరుబత్తులు ఉండే మన ఇళ్ళలో ప్యాకెట్ మీద రాసిన గడువు కన్నా ముందే ఫిల్టర్ మూసుకుపోతుంది, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఎయిర్ హ్యాండ్లర్ అటక మీద ఉంటే దాని కింది నీటి పళ్ళెంలో ఫ్లోట్ స్విచ్ ఉంటుంది. వేసవిలో డ్రెయిన్ పైపు పూడి నిలిచిన నీరు అక్కడే ఉంటే, శీతాకాలంలో కూడా ఆ స్విచ్ యంత్రాన్ని మొదలుకానివ్వదు. నీరు తీసి, పైపు శుభ్రం చేయండి. థెర్మోస్టాట్ తెర పూర్తిగా నల్లబడి ఉంటే ఎయిర్ హ్యాండ్లర్ కంట్రోల్ బోర్డు మీద కార్లలో వాడేటటువంటి 3 లేదా 5 ఆంపియర్ల చిన్న ఫ్యూజు పోయిందేమో చూడండి. పోయిన దాని మీద ఎంత రాసి ఉందో అంతదే వేయండి, పెద్దది వేయవద్దు.

ఇవన్నీ బాగుండి కూడా బయటి యూనిట్ కదలకపోతే, లేదా గుర్రుమని మోగి ఆగిపోతే, అది కెపాసిటర్, కాంటాక్టర్, కంప్రెసర్‌ల సంగతి. అక్కడితో ఆగి టెక్నీషియన్‌ను పిలవండి.

4. బయటి యూనిట్ నడుస్తుంటే, ఏ దిశలో నడుస్తోందో చూడండి.

ఇంటి గోడలోంచి బయటి యూనిట్‌కు రెండు రాగి పైపులు వెళతాయి, ఒకటి సన్ననిది, ఒకటి లావుది. లావు పైపు మీద నల్లటి స్పాంజి లాంటి తొడుగు ఉంటుంది. యూనిట్‌లోకి దూరే చోట ఆ తొడుగు ఆగిపోయి ఒకటి రెండు అంగుళాల రాగి బయటికి కనిపిస్తుంది. యంత్రం హీట్‌లో 10 నిమిషాలు నడిచాక ఆ రాగి దగ్గరికి వేలి వెనుక భాగాన్ని తీసుకెళ్ళండి. అది చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే వాల్వ్ మారింది, యంత్రం హీటింగ్‌లోనే ఉంది. ఆ పైపు చల్లగా ఉండి, దాని మీద చెమటలాగా నీటి బొట్లు పట్టి ఉంటే కూలింగ్‌లో ఉంది. పట్టుకోవద్దు, తాకీ తాకనట్టు చూడండి, నిజంగా పనిచేస్తున్న యూనిట్‌లో ఆ పైపు చర్మం కాలేంత వేడి ఎక్కుతుంది.

రెండో సాక్ష్యం ఫ్యాను పైనుంచి లేచే గాలి. హీటింగ్‌లో అది బయటి గాలి కన్నా చల్లగా ఉండాలి, కూలింగ్‌లో వెచ్చగా ఉంటుంది. "బయటి యూనిట్ నుంచి వెచ్చటి గాలి వస్తోంది, కాబట్టి హీటర్ పనిచేస్తోంది" అని సంతోషించేవారిని చూశాను. అది సరిగ్గా తలకిందుల అర్థం. ఇంట్లోకి రావలసిన వేడి పెరట్లోకి పోతోందన్నమాట.

ఇక్కడే మోసపోయే మరో సందర్భం ఉంది. యూనిట్ కూలింగ్‌లో ఇరుక్కుపోయినా, గది చల్లబడగానే ఆక్స్ కడ్డీలు వెలిగి ఆ చల్లదనంతో పోరాడుతూ ఇంటిని ఎలాగో వెచ్చగా ఉంచవచ్చు. ఇంట్లోవారికి ఏ ఇబ్బందీ తెలియదు, నెలాఖరుకు బిల్లు మాత్రం ఊహించనంత వస్తుంది. అకారణంగా బిల్లు పెరిగిన ఇంట్లో ఈ పైపు పరీక్ష తప్పక చేయండి.

బయటి కాయిల్ మీద పలచటి తెల్లటి మంచు పొర ఉంటే అది మామూలే. యూనిట్ మొత్తం మంచుగడ్డలో కూరుకుపోయి ఉంటే డీఫ్రాస్ట్ పనిచేయడం లేదు. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో ఆ మంచును గీకవద్దు, కాయిల్ చిల్లుపడితే గ్యాస్ మొత్తం పోతుంది. కరెంటు తీసేసి, మామూలు కుళాయి నీటితో నెమ్మదిగా కరిగించండి. మరుగుతున్న నీరు పోయవద్దు.

5. ఓ, బి సంగతి తేల్చండి.

కొత్త థెర్మోస్టాట్ పెట్టిన తరువాత సమస్య మొదలైతే నూటికి తొంభై పాళ్ళు కారణం ఇదే. రివర్సింగ్ వాల్వ్ తీగ వెళ్ళే చోట "ఓ/బి" అని ఉంటుంది. చాలా కంపెనీల యూనిట్లలో ఆ వాల్వ్‌కు కూలింగ్‌లో కరెంటు ఇస్తారు, ఇది "ఓ" పద్ధతి. రీమ్, రూడ్ వంటి కొన్నింటిలో హీటింగ్‌లో ఇస్తారు, ఇది "బి" పద్ధతి. థెర్మోస్టాట్‌లో ఈ సెట్టింగు తారుమారైతే హీట్ అడిగితే చల్లదనం, కూల్ అడిగితే వేడి వస్తాయి. కాబట్టి ఒకసారి కూల్ మోడ్‌లో పెట్టి చూడండి. అప్పుడు వేడి గాలి వస్తే ఇక వెతకనక్కరలేదు, సెట్టింగులో ఓ బదులు బి, బి బదులు ఓ మార్చితే చాలు.

తీగల రంగులను నమ్మి నిర్ణయాలు చేయవద్దు. నారింజ రంగు తీగ ఓ కింద ఉండడం ఆనవాయితీయే గానీ, పని చేసినవారు చేతికందిన రంగు వాడి ఉండవచ్చు. నీలం తీగతో మరీ జాగ్రత్త. చాలా ఇళ్ళలో అది సి, అంటే కామన్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ). నీలం కాబట్టి బి అయి ఉంటుందని దానిని బి కింద బిగిస్తే 24 వోల్టులు నేరుగా షార్ట్ అయి ఫ్యూజు పోతుంది. కొన్ని కంపెనీల యూనిట్లలో బి అనే అక్షరమే కామన్‌కు వాడతారు కూడా. రెండో కొస ఎయిర్ హ్యాండ్లర్‌లో ఏ అక్షరం దగ్గర కలిసిందో చూసి, మూత లోపలివైపు అంటించిన వైరింగ్ పటంతో సరిచూడడమే నమ్మదగిన దారి. ఇన్వర్టర్ రకపు ఖరీదైన యూనిట్లలో అసలు ఓ/బి తీగే ఉండకపోవచ్చు. అవి తమ సొంత థెర్మోస్టాట్‌తోనే సరిగా మాట్లాడతాయి, వాటికి బయటి థెర్మోస్టాట్ తగిలించే ప్రయత్నం చేయవద్దు.

6. ఓ తీగ తీసి చూడండి.

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష, ఎందుకంటే మల్టీమీటర్ లేకుండానే సమస్య ఏ వైపు ఉందో ఇది చెప్పేస్తుంది. మీ యూనిట్ ఓ పద్ధతిదని వైరింగ్ పటం చూసి తేల్చుకున్నాకే ఇది చేయండి. ఓ పద్ధతిలో వాల్వ్‌కు కరెంటు లేకపోతే అది హీటింగ్ వైపు ఉంటుంది. కాబట్టి ఎయిర్ హ్యాండ్లర్ బ్రేకర్ దించి, థెర్మోస్టాట్ నుంచి ఓ తీగను మాత్రమే ఊడదీసి, దాని కొసకు టేపు చుట్టండి. థెర్మోస్టాట్‌ను తిరిగి పెట్టి, బ్రేకర్ లేపి, ఐదు నిమిషాలు ఆగి, హీట్ అడగండి.

ఇప్పుడు లావు పైపు వేడెక్కితే వాల్వ్ బాగుంది, తప్పుడు ఆజ్ఞ ఇచ్చింది థెర్మోస్టాటే. కొత్తది వచ్చేదాకా ఆ తీగ అలాగే వదిలేసి హీట్‌లో నడుపుకోవచ్చు. డీఫ్రాస్ట్ సమయంలో వాల్వ్‌ను కదిపేది బయటి యూనిట్‌లోని బోర్డు కాబట్టి ఆ పని ఆగదు. అయితే ఎండలు రాకముందే తీగ తిరిగి కలపాలని థెర్మోస్టాట్ పక్కనే ఒక చీటీ అంటించండి.

తీగ తీసినా లావు పైపు చల్లగానే ఉంటే మూడు అవకాశాలు మిగులుతాయి. గోడలో ఎక్కడో ఓ తీగ, ఎప్పుడూ 24 వోల్టులు ఉండే ఆర్ తీగ ఒరుసుకుని ఒకదానికొకటి తగులుతూ ఉండవచ్చు. బయటి డీఫ్రాస్ట్ బోర్డు మీది రిలే అతుక్కుపోయి ఉండవచ్చు. లేదా వాల్వ్ లోపలి భాగమే బిగుసుకుపోయి ఉండవచ్చు. మల్టీమీటర్ ఉన్నవారు దానిని ఏసీ వోల్టులలో పెట్టి, ఎయిర్ హ్యాండ్లర్ బోర్డు మీద ఓ, సి అక్షరాల మధ్య కొలవండి. హీట్ అడుగుతున్నప్పుడు అక్కడ సున్నా ఉండాలి. 24 దగ్గర చూపిస్తే తీగలోనే లోపం ఉంది.

బి పద్ధతి యూనిట్లలో లెక్క తిరగబడుతుంది. అక్కడ కరెంటు అందకపోతేనే కూలింగ్‌లో ఉండిపోతుంది. కాబట్టి బి, సి మధ్య హీట్‌లో 24 నుంచి 28 వోల్టులు కనిపించాలి. కనిపించకపోతే థెర్మోస్టాట్ గానీ తీగ గానీ కారణం. లోపల కనిపించినా వాల్వ్ కదలకపోతే బయటి తీగ తెగి ఉండవచ్చు, వాల్వ్ కాయిల్ కాలిపోయి ఉండవచ్చు. బయటి యూనిట్ వెనుక సన్నని తీగ నేల దగ్గర వేలాడే చోట చూడండి. గడ్డి కోసే యంత్రం తగిలి తెగడం, ఉడతలు కొరకడం అక్కడ మామూలే. కాయిల్ మాత్రమే పోయి ఉంటే అదృష్టం, గ్యాస్ జోలికి పోకుండా కాయిల్ ఒక్కటి మార్చవచ్చు.

7. వాల్వ్ చప్పుడు వినండి.

ఇంట్లో ఒకరిని థెర్మోస్టాట్ దగ్గర నిలబెట్టి, మీరు బయటి యూనిట్ దగ్గర నిలబడి ఫోన్‌లో మాట్లాడుతూ మోడ్ మార్పించండి. ఆరోగ్యంగా ఉన్న వాల్వ్ ముందు టక్కుమని, వెంటనే లేదా కంప్రెసర్ మొదలైన కొద్ది క్షణాలకు బుస్సుమని చప్పుడు చేస్తుంది. టక్కు వినిపించి బుస్సు లేకపోతే ఆజ్ఞ అందింది గానీ లోపలి భాగం జరగలేదు. అది జరగాలంటే కంప్రెసర్ కల్పించే పీడనాల తేడా కావాలి కాబట్టి, గ్యాస్ బాగా తగ్గిన యూనిట్‌లో వాల్వ్ మంచిదైనా మధ్యలో ఆగిపోవచ్చు. అందుకే వాల్వ్ మార్చాలని చెప్పే టెక్నీషియన్ ముందుగా గ్యాస్ పరిమాణం కొలిచాడా అని అడగండి.

మొరాయించిన వాల్వ్‌ను కదిలించడానికి ఓ తీగను తిరిగి కలిపి, కూల్ నుంచి హీట్‌కు, హీట్ నుంచి కూల్‌కు, ప్రతిసారీ పది నిమిషాలు నడవనిస్తూ, మూడు నాలుగుసార్లు మార్చి చూడవచ్చు. కొన్నిసార్లు దీనితోనే వదులవుతుంది. సుత్తితో కొట్టమని సలహా ఇచ్చేవారి మాట వినవద్దు. వాల్వ్ గొట్టం కాస్త సొట్టపోయినా లోపలి భాగం శాశ్వతంగా ఇరుక్కుంటుంది.

టెక్నీషియన్‌తో మాట్లాడేటప్పుడు

"వేడి రావడం లేదు" అని మాత్రమే చెప్పవద్దు. "హీట్‌లో కంప్రెసర్ నడుస్తోంది, లావు పైపు చల్లగా ఉంది, ఓ తీగ తీసినా మారలేదు, ఆక్స్ పనిచేస్తోంది" అని చెప్పండి. ఇలా చెప్పిన ఇంటికి వచ్చేవారు సరైన సామానుతో వస్తారు.

రివర్సింగ్ వాల్వ్ మార్చడం పెద్ద పని. గ్యాస్ మొత్తం తీయాలి, పైపులు కోసి మంటతో అతకాలి, ఫిల్టర్ డ్రైయర్ మార్చాలి, వ్యాక్యూమ్ చేసి గ్యాస్ తూకం వేసి నింపాలి. అతికేటప్పుడు కొత్త వాల్వ్‌కు తడిగుడ్డ చుట్టకపోతే ఆ మంట వేడికి లోపలి భాగాలు కరిగి కొత్తదీ పాడవుతుంది. ఆ సంగతి ముందుగానే మర్యాదగా అడగడంలో తప్పు లేదు. వారంటీ కాగితాలు వెతకండి. విడిభాగానికి వారంటీ ఉన్నా కూలి మీరే పెట్టుకోవలసి రావచ్చు. యూనిట్ పట్టీ మీద ఆర్-22 అని ఉంటే, ఆ గ్యాస్ తయారీ, దిగుమతి అమెరికాలో 2020తో ఆగిపోయాయి కాబట్టి దొరికే పాత నిల్వల ధర ఎక్కువ. అంత పాత యూనిట్‌కు వాల్వ్ మార్పించడం నా దృష్టిలో లాభం కాదు. దానికి భిన్నంగా, ఏడెనిమిదేళ్ళ యూనిట్‌ను చూసి ఏ కొలతలూ తీయకుండా మొత్తం మార్చాలని ఎవరైనా అంటే తప్పకుండా మరొకరిని పిలిపించండి.

బాగైందని ఎలా తెలుస్తుంది

మరమ్మతు చేసినవారు వెళ్ళకముందే 1వ పరీక్షలోని రెండు కొలతలూ మళ్ళీ తీయండి, ఆక్స్ వెలగకుండా 15 డిగ్రీల తేడా రావాలి. కూల్ మోడ్‌కు కూడా ఒకసారి మార్పించి, లావు పైపు చల్లబడడం చూసి, తిరిగి హీట్‌కు తెప్పించండి. రెండు వైపులా కదిలితేనే వాల్వ్ బాగున్నట్టు. ఆ తరువాత వచ్చే మొదటి చలి తెల్లవారుజామున ఒక డీఫ్రాస్ట్ మొదలై ముగిసేదాకా కిటికీలోంచి గమనించండి. మీ కరెంటు కంపెనీ వెబ్‌సైటులో గంటగంటకు వాడకం చూపే గ్రాఫు ఉంటే వారం తరువాత చూడండి. కడ్డీలు నడిచిన గంటలు మిగతావాటి కన్నా ఎత్తుగా కనిపిస్తాయి. మరీ చలి లేని రాత్రుల్లో కూడా అవి కనిపిస్తుంటే థెర్మోస్టాట్‌లో ఆక్స్ హద్దులు మళ్ళీ చూడాలి.

గోడకు బిగించే స్ప్లిట్ యూనిట్లు

ఢిల్లీ, గురుగ్రామ్ వైపు ఉన్న తెలుగువారి ఇళ్ళలో "హాట్ అండ్ కోల్డ్" స్ప్లిట్ ఏసీలు ఉంటాయి, అమెరికాలోనూ కొత్తగా కట్టిన గదులకు ఇవి పెడుతున్నారు. రిమోట్‌లో సూర్యుడి గుర్తు ఎంచుకున్నాక లోపలి ఫ్యాను కొన్ని నిమిషాలపాటు తిరగదు. కాయిల్ వేడెక్కేదాకా చల్లటి గాలి మీద పడకుండా చేసే ఏర్పాటు అది, దానిని చెడిపోవడం అనుకోవద్దు. ఒకే రిమోట్‌ను కంపెనీలు పలు మోడళ్ళకు ఇస్తాయి కాబట్టి రిమోట్ మీద హీట్ కనిపించినంత మాత్రాన మీ ఏసీకి వేడి చేసే శక్తి ఉందని కాదు, మోడల్ నంబరుతో సరిచూడండి. ఒకే బయటి యూనిట్‌కు రెండు మూడు లోపలి యూనిట్లు కలిపి ఉంటే, ఒక గదిలో కూల్, మరో గదిలో హీట్ అడిగినప్పుడు మామూలు రకాల్లో రెండవది ఊరికే లైటు వెలిగించుకుని కూర్చుంటుంది. అన్ని గదుల రిమోట్లనూ హీట్‌కు మార్చి, పది నిమిషాలు ఆగి, ఆ తరువాతే ఫిర్యాదు నమోదు చేయండి.